ఇరవై రెండు బొమ్మలు, ఒక్క మొహం

బొమ్మలు చేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న ఫోను చేసి, మీ అనుభవంలో నేర్చుకున్న మెలకువలు చెప్పండి సార్ అని అడిగింది. ప్లాస్టర్ కలిపేటప్పుడు నీళ్ళలో పొడి వెయ్యాలి గానీ పొడిలో నీళ్ళు పొయ్యకూడదు అన్నాను. ఇంకా, అంది. ఇంకా అంటే కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచిస్తే ఇది తేలింది. ఆ అమ్మాయి అడిగిన దానికంటే పొడవుగా ఉంది. మెలకువలు మాత్రం తక్కువ.

నా ఉద్యోగం పేరు మోడలర్. యూనివర్సిటీలో ఒక శాఖకు అనుబంధంగా చిన్న మ్యూజియం ఉండేది. అందులో మనుషుల బొమ్మలు చెయ్యడం, విరిగినవి అతకడం, విరగనివి తుడవడం నా పని. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. ప్రమోషన్ల సంగతి రాయను, రాసేంత లేదు. మొదటి రెండేళ్ళ సంగతే రాస్తాను. తర్వాతి ఇరవై తొమ్మిదేళ్ళూ ఎక్కువగా తుడవడమే.

మొహం లేని మనుషులు

అరవైల్లో మా ఆర్ట్ కాలేజీలో మనిషి బొమ్మకు మొహం పెట్టడమంటే కొంచెం నామోషీ. ఆధునిక మానవుడు గుంపులో ఉండి కూడా ఒంటరివాడు, అందరిలా ఉండబోయి తనలా లేకుండా పోయినవాడు, కాబట్టి అతనికి కళ్ళూ ముక్కూ అనవసరం అని మా లెక్చరర్లు చెప్పేవారు. నాకు ఆ సిద్ధాంతం వెంటనే నచ్చింది. ముక్కులు చెయ్యడం నాకు సరిగ్గా వచ్చేది కాదు.

చివరి సంవత్సరం 'క్యూ' అని ఒక శిల్పం చేశాను. వరసగా ఎనిమిది మంది, సన్నగా, పొడుగ్గా, ఒకే చొక్కా, మొహాలు లేవు. ఏకాకితనాన్ని బాగా పట్టావయ్యా అని ఫస్ట్ క్లాసు ఇచ్చారు. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ప్రదర్శనకు డ్యూటీ దిగి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. రేషన్ షాపు ముందరనా ఇది, అని అడిగాడు. అట్లాగే అనుకో అన్నాను.

"అయితే ఒక్కడన్న మాట్లాడాలె గదరా," అన్నాడు. "లైన్ల నిలవడ్డోడు నోరు మూసుకుంటడా?"

నాయనకు ఆధునిక కళ తెలియదని మిత్రులతో చెప్పి నవ్వుకున్నాను. అప్పట్లో నాకు నవ్వడానికి చాలా విషయాలు ఉండేవి.

బల్ల మీద కొమురయ్య

అరవై ఏడులో ఉద్యోగం వచ్చింది. తార్నాకలో ఒక రిటైర్డ్ ఇంజనీరు ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే బండరాళ్ళ మధ్య కాలిబాట పట్టుకుని క్యాంపస్‌లోకి నడిచేవాణ్ణి. ఒక ఏడాది ప్రొబేషన్. అంటే ఆ ఏడాదంతా మనం మంచివాళ్ళమని పైవాళ్ళు నమ్మాలి. మనం నమ్మాల్సిన పని లేదు.

మా శాఖ హెడ్డు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు రాసేది చదివితే అలా అనిపించదు. ఆయనకు ఒక కల. మ్యూజియంలో పెద్ద హాలు నిండా మన పల్లెల్లోని వృత్తులన్నీ నిలువెత్తు బొమ్మలుగా పెట్టాలి. రైతు, నేతగాడు, కుమ్మరి, కంసాలి, చెప్పులు కుట్టేవాడు, పూజారి, ఊరి పెద్ద, ఇలా ఇరవై రెండు. అన్నీ మగ బొమ్మలే. ఆడవాళ్ళు రెండో విడతలో వస్తారన్నారు. రెండో విడత రాలేదు. ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి ప్రారంభానికి ఒప్పుకున్నాడు గనక మొదటి విడతకు మాత్రం మూడు నెలలు గడువు.

మూడు నెలల్లో ఇరవై రెండు మొహాలు మట్టితో మలచడం నావల్ల కాదు. బతికున్న మనిషి మొహం మీదనే అచ్చు తియ్యడం దగ్గరి దారి. మనిషిని పడుకోబెట్టి, మొహానికీ కనుబొమలకీ కొబ్బరినూనె దట్టంగా రాసి, ఊపిరి కోసం ముక్కుల్లో రెండు బొప్పాయి కాడలు పెట్టి, పైన ప్లాస్టర్ పొయ్యాలి. అది గట్టిపడుతూ వేడెక్కుతుంది. పావుగంట పైనే కదలకుండా ఉండాలి. కళ్ళు మూసుకునే ఉండాలి.

దీనికి ఎవరూ రాలేదు. మొహం అచ్చు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అటెండర్లు అన్నారు. ఎమ్మే విద్యార్థులు అలాంటి మూఢనమ్మకాలు తమకు లేవని చెప్పి, వాళ్ళూ రాలేదు. చివరికి బతిమాలితే వచ్చిన ఇద్దరిలో ఒకడు తుమ్మాడు. ఇంకొకడు ప్లాస్టర్ వేడెక్కగానే దాన్ని మొహాన వేసుకునే తలుపు దాకా పరిగెత్తాడు.

మిగిలింది కొమురయ్య. క్యాంపస్ తోటల్లో పని. నలభై ఏళ్ళుంటాయి. సీతాఫల్‌మండి నుంచి రైలు పట్టాలు దాటి నడిచి వచ్చేవాడు. తొమ్మిదేళ్ళుగా హాజరు పట్టీ మీద రోజు కూలీ. అంటే నెల నెలా పేరు కొత్తగా రాస్తారు. వచ్చే నెల రాస్తారో రాయరో రాసేవాడికి కూడా తెలియదు. తొమ్మిదేళ్ళుగా అతనికి కావలసింది ఒక్కటే, పర్మనెంటు కావడం. అతని ఫైలు రిజిస్ట్రారు ఆఫీసులో ఎక్కడో ఉంది. ఉందని అందరూ అనేవారు.

హెడ్డు అతన్ని పిలిచి నా ముందే చెప్పారు. రిజిస్ట్రారు గారు స్వయంగా బొమ్మలు చూడ్డానికి వస్తారు, ఇంత జీవం ఉన్న మొహం ఎవరిదని అడుగుతారు, అప్పుడు నీ పేరు చెప్తాం, పేరుతో పాటు ఫైలు సంగతీ చెప్తాం అని. ఆ క్షణంలో ఆయన దాన్ని నిజంగానే నమ్మారు. తేలిగ్గా మాట ఇచ్చేవాళ్ళు అబద్ధాలకోరులు కారు. ఇచ్చేటప్పుడు వాళ్ళ మనసు శుభ్రంగానే ఉంటుంది.

కొమురయ్య బల్ల మీద పడుకున్నాడు. ప్లాస్టర్ పోసినంత సేపూ వేలు కూడా కదపలేదు. అంత బాగా కదలకుండా ఉండటం అతను ఎక్కడ నేర్చుకున్నాడో నేను అప్పుడు ఆలోచించలేదు. మర్నాడు అచ్చులోంచి తీసిన మొహం చూపించాను. కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి ఉంది. చాలాసేపు చూశాడు.

"పండుకున్ననా సారూ, పోయిన్నా?"

"నౌకరీ పర్మనెంటు అయ్యేదాకా పండుకున్నట్టే," అన్నాను.

నవ్వాడు. నా జోకులకు నవ్వేవాళ్ళు క్యాంపస్‌లో అప్పటికి అతనొక్కడే.

బస్సులో కూర్చున్నట్టు

ఇక వేరే మొహాలు దొరకవని తేలాక హెడ్డు తీర్పు చెప్పారు. జనం బట్టలు చూస్తారు, పనిముట్లు చూస్తారు, మొహం ఎవరు చూస్తారయ్యా, ఇదే మొహం అందరికీ వేసెయ్, మీసాలు మార్చు అన్నారు. నేను అభ్యంతరం చెప్పాను. ప్రొబేషన్‌లో ఉన్నవాడు ఎంత గట్టిగా చెప్పగలడో అంత గట్టిగా చెప్పాను. ఆయనకు వినపడలేదు.

ఒకే అచ్చులోంచి ఇరవై రెండు కొమురయ్యలు తీశాను. ఒకడికి బుర్రమీసం, ఒకడికి తలపాగా, ఒకడికి నామం, ఇంకొకడికి నుదుటి మీద ముడతలు. అచ్చులో కళ్ళు మూసుకునే ఉంటాయి గనక ప్రతి ఒక్కరి కళ్ళూ నేనే చెక్కి తెరవాలి. ఇక్కడ ఒక తప్పు చేశాను. తొందరలో ఒకే కొలత పెట్టుకుని అందరి చూపూ ఒకే ఎత్తులో, తిన్నగా ముందుకు తెరిచాను. బొమ్మలు నిలబెట్టే రోజున కొమురయ్య వాటి కింద గడ్డి పరవడానికి వచ్చాడు. కుమ్మరి దగ్గర్నుంచి ఊరి పెద్ద దాకా నడిచి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కడన్న ఇంకొకని దిక్కు చూస్తలేడు సారూ. సిటీ బస్సుల కూసున్నట్టున్నరు."

ఆధునిక కళ అట్లాగే ఉంటుందని చెప్పాను. గట్లనా, అని మళ్ళీ గడ్డి పరిచాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఒక కుర్ర విమర్శకుడు ఆ హాలు చూసి, ఒకరికొకరు పరాయివాళ్ళైపోయిన సమాజాన్ని ఈ శిల్పి ముందే పసిగట్టాడని రాశాడు. నేను పసిగట్టింది గడువు ఒక్కటే. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఒక మాట చెప్తాను. మీ పనిలో లోతు ఉందని ఎవరైనా అంటే కాదనకండి, మర్యాదగా ఉండదు. నమ్మకండి కూడా.

ప్రారంభం రోజున కొమురయ్య ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని రైతు బొమ్మ పక్కన నిలబడ్డాడు. ఢిల్లీ పెద్దమనిషి పది నిమిషాల్లో హాలంతా చుట్టేశాడు. నాగలిని తాకాడు, కుండను మెచ్చుకున్నాడు. రిజిస్ట్రారు గారు తలపాగా గుడ్డ అసలుదేనా అని అడిగారు. అసలుదే అన్నాను. మొహం గురించి ఎవరూ అడగలేదు. హెడ్డు పెద్దమనిషి కారు వెనక పోయారు. కొమురయ్య నా దగ్గరికి వచ్చి, తొందరల ఉన్నరు గద సారూ, ఇంకోసారి వస్తే అడుగుతరు అన్నాడు. నన్ను సముదాయిస్తున్నట్టే అన్నాడు.

ఎవరి మొహం

నాలుగు నెలలు ఎవరూ ఏమీ గమనించలేదు. జనం బట్టలే చూస్తారన్న హెడ్డు మాట నూటికి నూరుపాళ్ళు నిజమైంది. మొదట ఒక లెక్చరరు గారి భార్య, వీళ్ళంతా అన్నదమ్ములాండీ అని అడిగింది. మానవజాతి అంతా ఒకే కుటుంబమమ్మా అన్నారు హెడ్డు. ఆమె తృప్తి పడింది. అందరూ ఆమెలాంటివాళ్ళు కారు.

ఒక కులసంఘం వాళ్ళు తమ బొమ్మ చూసుకోవడానికి వచ్చారు. చూసుకున్నారు. తర్వాత పక్క బొమ్మ చూశారు. వారం తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. తమ మనిషికీ, పక్కన కూర్చుని చెప్పులు కుట్టే మనిషికీ ఒకే మొహం ఎలా పెడతారని. యూనివర్సిటీ ఇబ్బందిలో పడింది. మనుషులందరికీ ఒకే మొహం ఉండటం తప్పని కాగితం మీద రాయలేరు. తప్పు కాదనీ రాయలేరు. కాబట్టి 'బొమ్మల్లో శాస్త్రీయత లోపించింది' అన్న విషయం మీద విచారణకు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఒకాయన, వేరే శాఖ ప్రొఫెసరు ఒకాయన, ఆ సంఘం పెద్దాయన ఒకాయన.

ఈ కబురు విని సంతోషించినవాడు కొమురయ్య ఒక్కడే. ఈసారి అడుగుతరు గద సారూ, ఎవలి మొఖమని, అన్నాడు. అవును, అడుగుతారు అన్నాను. నిజమే గనక అన్నాను.

కమిటీ ఆ హాల్లోనే కుర్చీలు వేయించుకుని కూర్చుంది. చాయ్ ఇవ్వాల్సిన అటెండరు ఆ రోజు రాలేదు. రావద్దని కొమురయ్యే బతిమాలుకున్నాడని తర్వాత తెలిసింది. అదే తెల్ల చొక్కా వేసుకుని, ట్రే పట్టుకుని వచ్చాడు. హాల్లో నాలుగు గోడల పొడుగునా ఇరవై రెండు కొమురయ్యలు. మధ్యలో ఇరవై మూడోవాడు కప్పులు అందిస్తున్నాడు. ముగ్గురిలో ఒక్కరు తల ఎత్తినా విచారణ అక్కడితో అయిపోయేది. ఎవరూ ఎత్తలేదు. మన దేశంలో చాయ్ తీసుకునేవాడు కప్పునే చూస్తాడు, ఇచ్చేవాణ్ణి చూడడు. ఇది నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు.

అప్పుడు సంఘం పెద్దాయన నన్ను అడిగాడు.

"ఇది ఎవరి మొహం? ఏమిట్లాయన?"

రెండు ప్రశ్నలు. ఏమిట్లాయన అంటే కులమేదని. మొదటిదానికి జవాబు చెప్తే రెండోదానికీ చెప్పాలి. కొమురయ్య కులమేదో నేనిక్కడ కూడా రాయను. ఆ రోజు ఆ గదిలో అందరికీ కావలసింది అదొక్కటే. హెడ్డు నా వైపు చూశారు. నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకా నెల ఉంది. కొమురయ్య ఖాళీ ట్రేతో చెప్పులు కుట్టే బొమ్మ వెనక నిలబడి నా నోటి వైపు చూస్తున్నాడు.

"ఎవరిదీ కాదండి," అన్నాను. "ఊహించి చేశాను."

ఆ మాట అతన్ని కాపాడటానికే అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. పేరు బయటపడితే ఆ సంఘం వాళ్ళు అతన్ని ఊరుకోరని. ఇందులో సగం నిజముంది. మిగతా సగంలో నేనున్నాను.

రిజిస్ట్రారు ఆఫీసు ఆయన 'ఊహ' అని రాసుకున్నాడు. కొమురయ్య కప్పులు ఎత్తాడు. పెద్దాయన ఇంకా తాగుతున్నాడు. ఆయన తాగడం అయ్యేదాకా పక్కనే వంగి నిలబడ్డాడు. ఆయన కప్పును తిన్నగా ట్రేలో పెట్టాడు, పైకి చూడకుండానే.

ఆ సాయంత్రం తార్నాక గదిలో కూర్చుని రిజిస్ట్రారుకు ఉత్తరం రాశాను. మొహం ఫలానా కొమురయ్యది, తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాడు, మాట ఇచ్చాము అని. జేబులో పెట్టుకుని పదకొండు రోజులు క్యాంపస్‌కు పోయి వచ్చాను. పన్నెండో రోజు హెడ్డుకు చూపించాను. ఆయన చదివి, బాగా రాశావయ్యా అన్నారు. ఇప్పుడిది ఇస్తే కమిటీ ముందు అబద్ధం చెప్పినట్టు రికార్డవుతుంది, నీదీ పోతుంది, అతనిదీ రాదు అన్నారు. అది తర్కబద్ధంగా ఉంది. పదకొండు రోజులు ఆలస్యం చేసిన ఏ మంచి పనికైనా అడ్డు పడే తర్కం ఒకటి సిద్ధంగా దొరుకుతుంది. మొదటి రోజు అది దొరకదు. అందుకే ఇలాంటి ఉత్తరాలు మొదటి రోజే ఇచ్చెయ్యాలి.

చెక్కుడు

ఉత్తర్వు వచ్చింది. ఇరవై రెండు మొహాలనూ ఏ వ్యక్తినీ పోలకుండా, ఒకదానినొకటి పోలకుండా మార్చాలి. సహాయానికి తోట పని నుంచి ఒక మనిషిని ఇస్తారు, పని అయ్యేదాకా. ఇచ్చిన మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు. ఎవరూ కావాలని చెయ్యలేదు. పట్టీలో ఆ వారం ఖాళీగా ఉన్న పేరు అదే.

మొదటి రోజు రైతు ముక్కు మీద ఉలి పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయాను. కొమురయ్య నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు.

"మీకు చెయ్యి ఆడుతలేదు. జరగండి, నేను కొడత."

కొట్టాడు. తన ముక్కు తనే, నాలుగు దెబ్బల్లో. ప్లాస్టర్ పనికి మంచి చెయ్యి. రెండు నెలలు అలా చేశాం. అతను పాత మొహం తీసేవాడు, నేను కొత్తది అతికేవాణ్ణి. ఒకడికి గద్దముక్కు, ఒకడికి చప్పిడి ముక్కు. అన్నేళ్ళూ రాని ముక్కులు అప్పుడు బాగా వచ్చాయి.

మూడో వారమో నాలుగో వారమో నేనే కదిలించాను. ఆ రోజు నేను నీ పేరు చెప్పాల్సింది కొమురయ్యా, అన్నాను. అతను కుమ్మరి చెంప గీకుతున్నాడు. గీకడం ఆపలేదు.

"ఆనాడు మీరు ఎవలిది గాదన్నది ఖరే సారూ. అది నా మొఖమే అయితే ఆ ముగ్గురిల ఒక్కడన్న గుర్తుపట్టకపోవునా? చాయ్ ఇచ్చింది నేనే గద."

నేను నీళ్ళలో ప్లాస్టర్ పొడి వేసి కలిపాను.

ఒక్కో బొమ్మకు ఒక్కో కార్డు ఉండేది. అందులో 'నమూనా' అన్న చోట కమిటీ తర్వాత నేనే ఇరవై రెండు సార్లు 'ఊహ' అని రాశాను. మొహాలు మార్చే పని అయిపోయాక ఆ కార్డులు దిద్దడానికి కూడా వీల్లేకుండా పోయింది. అప్పటికి ఆ మొహాలు నిజంగానే ఎవరివీ కావు. చాలామంది అబద్ధం చెప్పి ఊరుకుంటారు. నేను రెండు నెలలు కష్టపడి దాన్ని నిజం చేశాను. నా ప్రొబేషన్ కూడా ఆ మధ్యలోనే సంతృప్తికరంగా ముగిసింది.

చిన్నవాళ్ళకు చెప్పదలచుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. మనిషికి మొహం లేకుండా చెయ్యడం పెద్ద కళ అనుకుని నేను కాలేజీ నుంచి వచ్చాను. అందులో కళేమీ లేదు. ఆఫీసులు, కమిటీలు, చాయ్ కప్పులు ఆ పని రోజూ చేస్తున్నాయి, మనకంటే నున్నగా చేస్తున్నాయి. మీరు ముక్కులు నేర్చుకోండి.

ఆఖరి బొమ్మ శనివారం మధ్యాహ్నం పూర్తయింది. కొమురయ్య చేతులు కడుక్కుని హాలంతా ఒకసారి తిరిగి చూశాడు.

"ఇప్పుడు మంచిగైన్రు సారూ. ఎవ్వలకు ఎవ్వలు కాకుంట అయిన్రు."

నా దగ్గర మొదట తీసిన మొహం ఇంకా ఉంది, కళ్ళు మూసుకున్నది. దాన్ని పాత న్యూస్ పేపర్లో చుట్టి అతని చేతికిచ్చాను. నీది నీ దగ్గర ఉండాలి అన్నాను. కాగితం విప్పి చూశాడు. ఇంట్ల గోడకు పెడితే నేను పోయిన్ననుకుని సుట్టాలు ఏడ్వవస్తరు అన్నాడు. నవ్వాను. అతను నవ్వలేదు. మళ్ళీ జాగ్రత్తగా కాగితం చుట్టి బల్ల మీద పెట్టాడు.

"పేరు అడిగిననాడు ఇయ్యకపోతిరి సారూ. ఇప్పుడు మొఖమిస్తే ఏం జేసుకోను?"

కోపంగా అనలేదు. లెక్క అడిగినట్టు కూడా అనలేదు. వస్త సారూ అని చెప్పి, తలకు తువ్వాల చుట్టుకుని సీతాఫల్‌మండి వైపు దిగిపోయాడు.

సోమవారం కొత్త నెల. హాజరు పట్టీ కొత్తగా రాశారు. మా పని అయిపోయింది, తోటలోకి ఈ లోపల వేరేవాళ్ళను తీసుకున్నారు. కొమురయ్య పేరు తీసేశారు. దానికి మాత్రం ఎవరి పేరని ఎవ్వరూ ఎవ్వరినీ అడగలేదు.